గేటు లోపలి మనిషి

మా లారీలు మియాపూర్ దాటేసరికి వాన వెలిసింది. రోడ్డు మీద ఒక్క బస్సు లేదు. డిపో ముందు టెంటు వేసుకుని డ్రైవర్లు, కండక్టర్లు కూర్చున్నారు. సకల జనుల సమ్మె నడుస్తున్న రోజులవి. బడులు, ఆఫీసులు, బస్సులు, బొగ్గు గనులు అన్నీ ఆగిపోయాయి. తెలంగాణ ఇస్తారా ఇవ్వరా అన్నదొక్కటే అందరి నోటా మాట.

మాది కేంద్ర బలగం. జనం మిలట్రీ అంటారు, మేమూ కాదనం. అంతకుముందు రెండేళ్ళు అడవిలో ఉన్నాం. దోమతెర, నీళ్ళ డబ్బా, రైఫిలు, వీటితోనే నిద్ర, వీటితోనే లేవడం. అలాంటివాళ్ళం అద్దాల భవనాల మధ్య లారీల్లో వెళ్తుంటే అందరం మెడలు పైకెత్తి చూశాం. నా పక్కన కూర్చున్న రేడియో ఆపరేటర్ అస్సాం వాడు.

"ఇక్కడ ఎవరి నుంచి ఎవర్ని కాపాడాలి?" అన్నాడు.

నాకూ తెలియదు. మా కంపెనీ జవాన్లందరిలో తెలుగు వచ్చినవాణ్ణి నేనొక్కణ్ణే. పేరు ఓబులేసు. హెడ్ కానిస్టేబుల్‌ని. మాది అనంతపురం జిల్లా ఉరవకొండ. హైదరాబాద్ అప్పటికి రెండుసార్లు చూశాను, అదీ రైలు మారడానికి.

ఖాజాగూడలో బండరాళ్ళ పక్కన సగం కట్టిన ఫంక్షన్ హాల్లో మాకు బస ఇచ్చారు. కిటికీలకు తలుపులు లేవు. వాన జల్లు కొడితే టార్పాలిన్లు కట్టుకున్నాం. మర్నాడు పొద్దున్నే నా సెక్షన్‌ను హైటెక్ సిటీలో ఒక గేటు దగ్గర దించారు. ఐదంతస్తుల భవనం, ఎత్తు మీద ఉంది. గేటు ముందు నుంచి రోడ్డు కిందికి దిగి మలుపు తిరుగుతుంది. గేటుకు ఎడమ పక్క ఇసుక బస్తాలు పేర్చి మోర్చా కట్టాం. హెల్మెట్లు, లాఠీలు, ఫైబర్ డాళ్ళు ఒక వరసలో పెట్టాం. రైఫిళ్ళు భుజానికి, తూటాలు సంచిలో. పై ఆర్డర్ లేకుండా తూటా ఎక్కించకూడదు.

ఆ భవనం చాలా దేశాలు కలిసి పెట్టుకున్న ఒక సంస్థది. ఏ దేశంలో ఏ అంటురోగం ఎంత పాకుతోందో కంప్యూటర్లలో పోగుచేస్తారట. అంతకుముందు జరిగిన ఒక బందులో ఆ రోడ్డు మీద అద్దాలు పగిలాయి. అందుకని మమ్మల్ని వేశారు.

కంపెనీ కమాండర్ హర్యానా మనిషి. తక్కువ మాట్లాడతాడు. గేటు కింద రోడ్డుకు అడ్డంగా ఉన్న ఇనుప కమ్మీని బూటుతో చూపించాడు.

"ఇక్కడిదాకా మనది. అవతల వాళ్ళది. లోపలికి మన బూటు పడాలంటే వాళ్ళ అనుమతి కావాలి. మనకే కాదు, ఈ ఊరి పోలీసులకీ అంతే."

"ఎందుకు సాబ్?" అన్నాను.

"ఢిల్లీ ప్రభుత్వం వాళ్ళతో ఒప్పందం చేసుకుంది. ఇది ఏ ఒక్క దేశానిదీ కాదు. ఒక దేశపు పోలీసు వచ్చి వాళ్ళ మెడ మీద కూర్చుంటే మిగతా దేశాల పని సాగదు. లోపల ఉద్యోగం చేసేవాళ్ళని వాళ్ళ పని విషయంలో మన కోర్టులు అడగకూడదు. నీలం నంబరు ప్లేటు బండి వస్తే గేటు తీయండి. మిగతావాళ్ళని అడగండి."

అంతే ఆర్డర్. మోర్చాలో అందరం సరే సాబ్ అన్నాం.

లోపలివాళ్ళలో మాకు మొదట పరిచయమైంది విశ్వనాథం గారు. పరిపాలన విభాగానికి పెద్ద. ఊరు కాకినాడ. రాష్ట్ర ప్రభుత్వంలో పెద్ద ఆఫీసరుగా పనిచేసి, డెప్యుటేషన్ మీద ఈ సంస్థకు వచ్చాడు. యాభై దాటిన మనిషి, సన్నగా, ఎప్పుడూ ఇస్త్రీ చెదరని చొక్కా. మొదటిరోజే మోర్చా దగ్గరికి వచ్చి నా తెలుగు విని ఆగాడు.

"మీరు మన తెలుగువారా అండి? ఏ ఊరు?"

చెప్పాను. మధ్యాహ్నానికి మాకు టీ ఫ్లాస్కు, మోర్చా మీదికి కొత్త టార్పాలిన్ వచ్చాయి. మర్నాడు ఒక వైరు లాగించి ఫ్యాను పెట్టించాడు. సమ్మె వల్ల కరెంటు గంటలు గంటలు పోయేది. అయినా భవనంలో జనరేటర్ నడిచినంతసేపు మా ఫ్యానూ తిరిగేది. ఎన్నో గేట్ల దగ్గర నిలబడ్డాను. కాపలావాడు ఎండలో ఉన్నాడని గమనించినవాళ్ళు తక్కువ. ఆ మనిషి మంచివాడు. ఇది ముందే చెప్తున్నాను, తర్వాత జరిగింది విన్నాక ఎవరైనా వేరుగా అనుకుంటారని.

పొద్దున, సాయంత్రం ఆ రోడ్డు మీద మనుషుల వరస ఉండేది. బస్సుల్లేక బోరబండ నుంచి, ఇంకా అవతల నుంచి నడిచి వచ్చేవాళ్ళు. కంపెనీల్లో ఊడ్చేవాళ్ళు, క్యాంటీన్లలో పాత్రలు కడిగేవాళ్ళు, తోటపని వాళ్ళు. కంప్యూటర్ల ముందు కూర్చునే పిల్లలు క్యాబుల్లో వెళ్ళిపోయేవాళ్ళు. నడిచేవాళ్ళు మాకు అలవాటైపోయారు. కొందరు మాతో ఒక మాట అనేవాళ్ళు.

"ఏంది సార్, వానల గిట్లనే నిలవడ్తరా?"

"డ్యూటీ అమ్మా."

"మాది గూడ డ్యూటీనే," అని నవ్వుకుంటూ వెళ్ళేవాళ్ళు.

అది జరిగిన రోజు ఆఫీసుకు సెలవు. మధ్యాహ్నం విశ్వనాథం గారు డ్రైవర్ లేకుండా తానే కారు నడుపుకుంటూ బయటికి వచ్చాడు. సంస్థ కారు, నీలం ప్లేటు. గేటు దగ్గర అద్దం దించాడు.

"ఓబులేసు గారూ, మీ బస ఖాజాగూడలో కదండీ. చెరువు వైపు దారి ఎలా ఉందంటారు? అక్కడొక ప్లాటు ఉందంటే చూసొద్దామని."

వానకు మట్టిరోడ్డు పాడైందని, గుట్టల వెనక నుంచి వెళ్ళమని చెప్పాను. థాంక్సండి అని వెళ్ళాడు.

పొద్దు వాలే వేళకు తిరిగి వచ్చాడు. సన్నగా తుంపర పడుతోంది. మలుపు దగ్గర నడిచేవాళ్ళ వరస ఉంది. కారు మలుపు తిరగడం చూశాను. వేగంగానే తిరిగింది. వరస అంచున ఉన్న ఒక ఆడమనిషిని ముందు బంపర్ కొట్టింది. ఆమె పక్కకు ఎగిరి రోడ్డు అంచు రాయి మీద పడింది. చేతిలోని టిఫిన్ డబ్బా దొర్లుకుంటూ మోర్చా వైపు వచ్చింది.

కారు ఆగింది. విశ్వనాథం గారు దిగాడు. ఆమె వైపు రెండడుగులు వేశాడు. నడిచేవాళ్ళంతా అరుస్తూ పరుగెత్తుకొస్తున్నారు. ఆయన ఆగాడు. వెనక్కి తిరిగి కారెక్కాడు. కారు నేరుగా గేటుకు వచ్చింది. నీలం ప్లేటు చూసి మావాడు గేటు తీశాడు. ఆర్డర్ అదే. కారు లోపలికి వెళ్ళింది, గేటు మూసుకుంది.

నేనప్పటికే ఆమె దగ్గర ఉన్నాను. నడుం కింద, కుడికాలు మీద దెబ్బ. కాలు తిరగకూడని వైపు తిరిగి ఉంది. స్పృహ ఉంది. రైఫిలు వీపుకు వేసుకుని, డాలును స్ట్రెచర్‌లా కింద పెట్టి, ఇంకో జవానూ నేనూ కలిసి ఎత్తాం. రేడియో ఆపరేటర్ సెట్టులో అంటున్నాడు, "గేటు నుంచి కంట్రోల్. ఒక పౌరురాలికి దెబ్బ తగిలింది. మా లారీలో ఆసుపత్రికి పంపుతున్నాం. ఓవర్."

"కంట్రోల్ నుంచి గేటు. పంపండి. గేటు వదలొద్దు. ఓవర్."

ఆమె పేరు సత్తెమ్మ. బోరబండ. కింద ఒక కంప్యూటర్ కంపెనీలో ఊడ్చే పని. లారీలోకి ఎక్కిస్తుంటే నా చెయ్యి పట్టుకుని, "నా డబ్బ యాడ వడ్డది?" అని అడిగింది. తెచ్చి ఇచ్చాను.

అరగంటలో అక్కడి స్టేషన్ ఎస్సై వచ్చాడు. వరంగల్ వైపు మనిషి. సమ్మె మొదలైనప్పటి నుంచి ఇంటికి పోలేదని మొహమే చెప్తోంది. గేటు ముందు జనం గుమిగూడి ఉన్నారు.

"గేటు తీయుండ్రి. మనిషిని పట్కపోవాలె."

"సార్, మాకు ఆర్డర్ లేదు. లోపలోళ్ళు తీయమంటేనే," అన్నాను.

"నువ్వు చూసినవా?"

"చూసినా సార్."

"మరి ఇంకేంది?"

జవాబు నేను చెప్పనక్కర్లేకపోయింది. లోపలి నుంచి లీగల్ ఆఫీసరు మేడమ్ గేటు దగ్గరికి వచ్చింది. నలభై ఏళ్ళుంటాయి. ఊరు బళ్ళారి. మా ఉరవకొండకు పెద్ద దూరం కాదు, మాటా మా మాటే. కమ్మీకి లోపలి పక్కనే నిలబడి, ఎస్సైతో మెల్లగా చెప్పింది.

"నేను మిమ్మల్ని ఆపాలని రాలేదు. ఆయన సంస్థ పని మీద ఉండగా జరిగితే మీ కోర్టు ఆయన్ని పిలవడానికి లేదు. సొంత పని మీద ఉంటే ఆ రక్షణ ఆయనకు రాదు. ఏ పని మీద ఉన్నాడో తేలాల. అనుమానం ఉంటే మా హెడ్డాఫీసులో పైన ఉన్నాయన రక్షణ తీసేయాల."

"అది ఎన్నడు తేలాలె మేడమ్?"

"రేపే తేల్చమని నేను రాస్తాను."

"ఆయనేమంటున్నడు?"

"ఆఫీసుకు జనరేటర్ అద్దెకిచ్చేవాళ్ళని చూడ్డానికి పోయినానని అంటా ఉండాడు."

నేను మోర్చాలో నిలబడి ఆ మాట విన్నాను.

ఆ సాయంత్రమే కమాండర్‌కు చెప్పాను. ఖాజాగూడ సంగతి, ప్లాటు సంగతి. ఆయన టోపీ తీసి బల్ల మీద పెట్టాడు.

"నీకు మాత్రమే చెప్పాడా?"

"ఔను సాబ్. మావాళ్ళు విన్నారు గానీ తెలుగు రాదు."

"బెటాలియన్‌కు పంపుతాను. జవాబు వచ్చేదాకా ఎవరితోనూ అనకు. పోలీసులతో కాదు, లోపలివాళ్ళతో కాదు. మనం గేటు దగ్గర ఉన్నాం. ఎవరి పక్షమూ కాదు."

"అప్పటిదాకా ఆయన లోపలే ఉంటాడు సాబ్."

కమాండర్ అన్నాడు, "రేపు నువ్వు గుంపు మీద లాఠీ ఎత్తావనుకో. నిన్ను కోర్టుకు లాగాలంటే ముందు ప్రభుత్వం ఒప్పుకోవాలి. అలాంటి చట్టం మనకూ ఉంది. లేకపోతే ఏ జవానూ గేటు దగ్గర నిలబడడు. కానీ నువ్వు సెలవులో ఊరికి పోయి ఎవడి కాలో విరగ్గొడితే, నేనే నిన్ను పోలీసులకి అప్పగిస్తాను. తేడా తెలుస్తోందా?"

తెలిసింది. ఆ రోజు దాకా ఆ చట్టం గురించి అంత తేటగా ఆలోచించలేదు.

విశ్వనాథం గారు బయటికి వస్తే ఎస్సై పట్టుకుంటాడు. లోపల ఉన్నంతకాలం పట్టుకోలేడు. అందుకని ఆయన లోపలే ఉండిపోయాడు. మూడో అంతస్తులో ఏదో గదిలో పడుకునేవాడట. ఇంటి నుంచి భార్య క్యారియర్ పంపేది, బట్టలు పంపేది. ఆవిడ ఒకసారి తానే వచ్చి, లోపల గంటసేపు ఉండి, కళ్ళు తుడుచుకుంటూ వెళ్ళింది. సాయంత్రాలు ఆయన లోపలి పచ్చగడ్డి మీద ఇటునుంచి అటు నడిచేవాడు. చొక్కా ఇస్త్రీ చెదిరింది. గడ్డం పెరిగింది. మా ఫ్యాను మాత్రం తిరుగుతూనే ఉంది.

ఒక సాయంత్రం కమ్మీ దాకా వచ్చి నిలబడ్డాడు.

"టీ తాగారా అండి?"

"తాగినాం సార్."

"ఆవిడకి ఎలా ఉందో ఏమైనా తెలిసిందా?"

"తుంటి ఎముక విరిగిందంట సార్. ఆపరేషన్ చేసినారు."

ఆయన గేటు ఊచ పట్టుకున్నాడు. చాలాసేపు రోడ్డు వైపు చూశాడు.

"నేను దిగాను. మీరు చూశారు కదండీ. ఆవిడ దగ్గరికే వెళ్ళబోయాను. జనం వస్తున్నారు. నేను నోరు విప్పితే నా మాట వింటారు, యాస తెలిసిపోతుంది, అసలే రోజులు బాగాలేవు అనిపించింది. అంతే. కాళ్ళు వెనక్కి తిరిగాయి."

నా యాసా అక్కడిది కాదు. కానీ నా ఒంటి మీద యూనిఫాం ఉంది, నా యాస ఎవరూ వినలేదు. అది నా ధైర్యమని చెప్పుకోలేను.

"ఆ రోజు వెళ్తూ మీతో ఒక మాట అన్నాను," అన్నాడు.

"అన్నారు సార్."

"గుర్తుందా?"

"ఉంది సార్."

"ఎవరైనా అడిగితే చెప్తారా?"

"ఇప్పుడు చెప్పేదానికి నాకు ఆర్డర్ లేదు సార్. ఆర్డర్ వచ్చి అడిగితే, మీరన్నది అన్నట్టే చెప్తా. ఎక్కువ చెప్పను, తక్కువ చెప్పను."

తల ఊపాడు. బతిమాలలేదు, కోప్పడలేదు. "భయంలో ఒక మాట చెప్పేశానండి. మా సంస్థ డైరెక్టరు గారు అదే హెడ్డాఫీసుకి పంపేశారు. ఇక దాన్ని వెనక్కి తీసుకోవడమంటే..." అని ఆగిపోయి, లోపలికి నడిచాడు. ఆ మర్నాటి నుంచి గడ్డి మీదికి రాలేదు.

సత్తెమ్మ మొగుడు నర్సింలు భవనాలకు రంగులు వేసే మనిషి. వారం పది రోజులు స్టేషన్ చుట్టూ తిరిగాడు. ఎస్సై కేసు రాశాడు గానీ, నిందితుడి పేరు దగ్గర పైనుంచి ఆగమన్నారు. అప్పుడు నర్సింలు ఇరుగుపొరుగుల్ని వెంటబెట్టుకుని మా గేటు ముందుకు వచ్చాడు. రాళ్ళతో కాదు. గిన్నెలతో, బియ్యంతో. సమ్మె రోజుల్లో అదొక పద్ధతి, వంటా వార్పూ అనేవాళ్ళు. రోడ్డు మీదే పొయ్యిలు పెట్టి వండుకుని, అక్కడే తిని, అడగాల్సింది అడుగుతారు.

మేం డాళ్ళు పట్టుకుని వరసలో నిలబడ్డాం. జనంతో తెలుగులో మాట్లాడమని కమాండర్ నన్ను ముందుకు పంపాడు. మూడు రాళ్ళ పొయ్యిలు ఐదారు లేచాయి. ఒక పొయ్యి మీద పప్పు, ఒక పొయ్యి మీద వంకాయ కూర. ఆ వాసనకు మావాళ్ళు డాళ్ళ వెనక నుంచి నా వైపు చూశారు. ఆటోలో సత్తెమ్మను తీసుకొచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. కాలు చాపి ఇంకో కుర్చీ మీద పెట్టారు.

కండువా వేసుకున్న ఒక యువకుడు ఎవరో దూరం నుంచి వచ్చి మైకు అందుకున్నాడు. లోపలున్నది ఆంధ్రా ఆఫీసరని, ఖాజాగూడ భూములు ఎవరు కొంటున్నారో తెలుసునని మొదలుపెట్టాడు. జనంలో కదలిక వచ్చింది. నా వీపు వెనక కమాండర్ గొంతు సవరించుకోవడం విన్నాను. నర్సింలు వెళ్ళి మైకు మీద చెయ్యి పెట్టాడు.

"అన్నా, జర ఆగు. తెలంగాణ కోసం రేపు నువ్వు పిలిస్తె నేనొస్త. గీ ముచ్చట వేరే. ఏ ఊరోడైన గుద్దినోడు గుద్దినోడే. ఆమెను మాట్లాడనియ్యి."

సత్తెమ్మ మైకు వద్దంది. మామూలు గొంతుతోనే మాట్లాడింది. అందరూ నిశ్శబ్దమైపోయారు కాబట్టి వినిపించింది.

"ఆయన మంచోడో చెడ్డోడో నాకెరుక లేదు. ఒకరిని గుద్దాలని ఎవరు బండెక్కరు. తప్పు అయింది, దిగి ఒక మాట అడిగితే అయిపోతుండె. ఇప్పుడు కాయిదాల మీద ఆయన పేరే రాయొద్దంటున్నరు. గుద్దినోడు లేకుంటనే నా కాలిరిగిందా? నేను గాలికి పడ్డనా? జడ్జి ముందల నిలవడి నేనే గుద్దిన అని చెప్పుమనుండ్రి. నాకు గంతే గావాలె."

లీగల్ ఆఫీసరు మేడమ్ గేటు లోపల నిలబడి అంతా విన్నది. తర్వాత నా వైపు తిరిగింది.

"హెడ్డుగారూ, ఆ రోజు గేటు దగ్గర మీరే ఉండారు కదా. ఆయన పోయేటప్పుడు ఏమన్నా చెప్పినాడా?"

"మేడమ్, నాకు అనుమతి కావాల," అన్నాను.

ఆమె కమాండర్ వైపు చూసింది. నేను హిందీలో చెప్పాను. కమాండర్ రేడియో దగ్గరికి వెళ్ళాడు. పొయ్యిల మీద అన్నం ఉడుకుతోంది. వడ్డించడం మొదలుపెట్టారు. నర్సింలు ఒక విస్తరి పట్టుకుని మా వరస దగ్గరికి వచ్చి, "తింటరా సార్?" అన్నాడు. డ్యూటీలో తినకూడదు అన్నాను. "అయితె పక్కన పెడ్త," అని నిజంగానే మోర్చా బస్తాల మీద నాలుగు విస్తర్లు పెట్టించాడు.

జనం తినడం అయిపోవస్తుండగా రేడియోలో మాట వచ్చింది. ఆపరేటర్ పైకే చెప్పాడు.

"కంట్రోల్ నుంచి గేటు. హెడ్ కానిస్టేబుల్ చూసింది, విన్నది చెప్పవచ్చు. అభిప్రాయం చెప్పకూడదు. ఓవర్."

కమాండర్ నాతో అన్నాడు, "వెళ్ళు. వాళ్ళు పిలిస్తే లోపలికే వెళ్ళు."

మేడమ్ గేటు తీయించింది. ఆ కమ్మీ దాటడం నాకదే మొదటిసారి. బూట్ల మట్టి పాలరాయి మీద పడింది. కింది అంతస్తులో ఒక గదిలో డైరెక్టరు, మేడమ్, బల్లకు అవతల విశ్వనాథం గారు. డైరెక్టరు విదేశీయుడు, మేడమ్ ఆయనకు ఇంగ్లీషులో చెప్తూ ఉంది. నేను అటెన్షన్‌లో నిలబడి చెప్పాను. మధ్యాహ్నం సార్ ఒక్కరే బయటికి వచ్చారు. ఖాజాగూడ చెరువు వైపు దారి అడిగారు. ప్లాటు చూడాలన్నారు. గుట్టల వెనక నుంచి వెళ్ళమన్నాను. మొత్తం అదే. కాస్త ఎక్కువ అనిపించినా, తక్కువ అనిపించినా, అంతకు మించి నాకు తెలిసింది లేదు.

డైరెక్టరు విశ్వనాథం గారి వైపు చూశాడు.

ఆయన నన్ను చూడలేదు. బల్ల మీద తన చేతుల్ని చూసుకున్నాడు. "ఔనండి. ఆయన చెప్పింది నిజం," అన్నాడు తెలుగులో. తర్వాత అదే మాట ఇంగ్లీషులో అన్నాడు.

బయటికి వచ్చేటప్పుడు మేడమ్ నాతో గేటు దాకా నడిచింది.

"ఈ రక్షణ ఆయన సొంతం కాదు, హెడ్డుగారూ. సంస్థది. న్యాయానికి అడ్డం పడితే తీసేసే హక్కు మాకుంది, తీసేయాల్సిన బాధ్యతా ఉంది. చాలామంది హక్కు దగ్గరే ఆగిపోతారు." అలసిపోయిన గొంతు. "ఈ పూటే రాస్తాను."

హెడ్డాఫీసు నుంచి జవాబు వెంటనే రాలేదు. మధ్యలో ఎస్సై రెండుసార్లు వచ్చి, గేటు ముందు మా టీ తాగి, ఏమీ అడగకుండా వెళ్ళాడు. బతుకమ్మ రోజులు వచ్చాయి. సాయంత్రాలు ఆడవాళ్ళు రోడ్డు మీద పూలు పేర్చి చుట్టూ తిరుగుతూ పాడేవాళ్ళు. మావాళ్ళు మోర్చా మీంచి చూసేవాళ్ళు. అస్సాం వాడు నన్ను పాటల అర్థం అడిగితే, నాకు తెలిసినంత చెప్పేవాణ్ణి. పైన మూడో అంతస్తు కిటికీలో ఒక మనిషి నీడ ఉండేది.

ఒక ఉదయం మేడమ్ గేటు దగ్గరికి వచ్చి, ఎస్సైని పిలవమంది. రక్షణ తీసేశారు. ఎస్సై ఒక కానిస్టేబుల్‌తో వచ్చి, రోడ్డు అవతల జీపు ఆపి, గేటుకు ఇవతలే నిలబడ్డాడు. లోపలికి రమ్మని మేడమ్ అన్నా రాలేదు.

"ఆయనే వస్తడు మేడమ్. నేనెందుకు?" అన్నాడు.

విశ్వనాథం గారు నడిచి వచ్చాడు. గడ్డం గీసుకున్నాడు. చేతిలో చిన్న బట్టల సంచి. మళ్ళీ ఇస్త్రీ చొక్కా. నేనే గేటు తీశాను. కమ్మీ దాటి, నా పక్కన ఆగాడు.

"బోరబండలో ఆవిడ ఇల్లు ఎక్కడండి?"

నేను జవాబు చెప్పేలోపు ఎస్సై అన్నాడు, "ఇప్పుడు గాదు సార్. ముందు స్టేషన్, తర్వాత కోర్టు. అవన్ని అయినంక మీ ఇష్టం. జీపు ఎక్కుండ్రి." సంచి తానే అందుకున్నాడు. కసరలేదు, చెయ్యి పట్టుకోలేదు. అప్పుడు రోడ్డు మీద నడిచివెళ్ళేవాళ్ళు కొందరు ఆగి చూశారు. ఎవరూ అరవలేదు. జీపు మలుపు తిరిగింది.

కొన్నాళ్ళకు సమ్మె ఆగింది. బస్సులు తిరిగాయి. నడిచేవాళ్ళ వరస పలచబడింది. మా ఇసుక బస్తాలు విప్పి లారీలకెత్తాం. ఫ్యాను లోపలికి ఇచ్చేశాం. కంపెనీ జార్ఖండ్ వెళ్ళింది, మళ్ళీ అడవి. మంచి ఎండాకాలంలో నాకు హైదరాబాద్ కోర్టు నుంచి సమన్లు వచ్చాయి. కమాండర్ సెలవు ఇస్తూ, "అక్కడ చెప్పినట్టే చెప్పు," అని మాత్రం అన్నాడు. రెండు రైళ్ళు మారి వెళ్ళాను. తీరా నేను చెప్పాల్సిన పనే పడలేదు. విశ్వనాథం గారు తప్పు ఒప్పుకున్నాడు. నిర్లక్ష్యంగా నడిపానని, దిగి కూడా ఆమె దగ్గరికి వెళ్ళకుండా పారిపోయానని తన నోటితోనే చెప్పాడు. కోర్టు శిక్ష వేసింది, తర్వాత పైకోర్టు దాన్ని కొంత తగ్గించిందని విన్నాను. సంస్థ ఆయన్ని పంపేసింది. సత్తెమ్మకు నష్టపరిహారం వచ్చింది. నడక మాత్రం పూర్తిగా రాలేదు. నేను ఆ సాయంత్రమే సికింద్రాబాద్‌లో రైలెక్కి బెటాలియన్‌కు తిరిగి వెళ్ళాను.

తర్వాత చాలా పోస్టింగులు చేశాను. మనుషులు చచ్చిపోవడం చూశాను. రిటైరై ఊళ్ళో కూర్చున్నాక, సర్వీసులో ఏది గుర్తుందని ఎవరైనా అడిగితే అవేవీ ముందు రావు.

ఆ రోజు కోర్టు వరండాలో ఒకటే బెంచీ ఉంది. దానికి ఈ చివర సత్తెమ్మ, ఆ చివర విశ్వనాథం గారు. మధ్యలో ఇద్దరు పట్టేంత ఖాళీ. నర్సింలు నీళ్ళ కోసం వెళ్ళాడు. ఆమె చంకకర్ర గోడకు ఆనించి ఉంది. అది జారి, చప్పుడు చేస్తూ గచ్చు మీద పడింది. వంగలేక ఆమె దాన్ని చూసింది. ఆయన లేచాడు. వచ్చి, వంగి, కర్ర తీశాడు. రెండు చేతులతో ముందుకు చాచి నిలబడ్డాడు. ఆమె ముందు కర్రను చూసింది. తర్వాత మెల్లగా తల ఎత్తి, మొట్టమొదటిసారి ఆయన మొహం చూసింది. లోపలి నుంచి బంట్రోతు ఆయన పేరు, తండ్రి పేరు గట్టిగా పిలుస్తున్నాడు. ఆయన కదల్లేదు. ఆమె చెయ్యి అప్పుడే ఒడిలోంచి లేస్తోంది.